సదరు

సిరొంచలో కరెంటు పోయిన రాత్రి
మంచం మీద పందొమ్మిది పరిశోధన పత్రాలు.
ఎగిరిపోకుండా పైన ఒక సున్నపురాయి పలక.
కింద కాయితాల్లో తగువంతా
దాని వయసు గురించే.

చేపల్ని నమ్మినవాళ్లు పాతదంటారు.
ఎనామిల్ పూసినట్టు మెరిసే ఆ పొలుసులు
జురాసిక్ తొలిపొద్దువేనంటారు.
ఆవగింజలో పదోవంతు గవ్వపురుగుల్ని
సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టినవాళ్లు
కాదు, ఇంకా కోట్లేళ్లు పసిదంటారు.
పుప్పొడిని అడిగినాయన
నడిమధ్యన నిలబడి
ఇద్దరికీ నమస్కారం పెడతాడు.

పోల్చేముందు తక్కెడలో రాళ్లు చూడమంది
నాగపూర్‌లో మా సులభా పాటణ్‌కర్ మేడం.
సరేనని లెడ్జరు పుస్తకంలో గీతలు కొట్టాను:
ఎవరు, ఏ ఊరు, ఏ పొర, ఎంత లోతు, ఏం దొరికింది.
ఆఖరి గడికి పేరు: తాను చూశాడా.

కొవ్వొత్తి సగమయ్యేసరికి
మూడు వరసలు ఒకదానిమీద ఒకటి కూలాయి.
ఒకరి పటంలో ఎర్మడ్గు. ఇంకొకరికి యారమడ.
మూడోవారికి ఊరే లేదు,
మైలురాయి నుంచి ఈశాన్యంగా పావుమైలు, అంతే.
మూడు చోట్ల సాక్ష్యమని మురిసిపోయాను ఇన్నాళ్లూ.
మూడూ మన ఎర్రమడుగే.

ఆపైన ఒక్కొక్క పత్రం తోక పట్టుకుని వెనక్కి నడిచాను.
ఇతను అతన్ని చూసి రాశాడు,
అతను ఆమెను చూసి,
ఆమె, పందొమ్మిది వందల అరవై రెండు చలికాలంలో
ఒక్క పూట వాగులో దిగినాయన్ని చూసి.
పన్నెండు పత్రాలు, ఒక్క చేప.
మా నాన్న తహసీలు కచేరీలో గుమస్తా.
ఇటు మరాఠీలోనూ అటు తెలుగులోనూ
ఆయన చేతికింద అరిగిపోయిన మాట ఒకటుండేది, సదరు.
సదరు భూమి, సదరు ఆసామి, సదరు గట్టు.
ఒకసారి రాస్తే చాలు,
మళ్లీ పొలానికి పోయే పని లేదు.

పొద్దున్నే బానేశు పడవ కట్టాడు.
"ఎర్రమడుగా మేడం? యాడున్నది ఇంక?
కింద బ్యారేజి తలుపులేసినంక
రెండు నిలువుల నీళ్లల్ల పడ్డది."
ప్రాణహిత అక్కడ నదిలా లేదు,
పళ్లెంలో పోసిన గంజిలా కదలకుండా ఉంది.
నేను బ్యాగులో సుత్తి, భూతద్దం, ఆమ్లం బుడ్డి
మోసుకొచ్చాను గదా, ఒళ్లో పెట్టుకు కూచున్నాను.

గడ దింపాడు.
ఠక్కుమంది.
"గిదే. మా అవ్వ గీ బండ మీదనే బట్టలుతికేది.
అండ్ల చేప ఉండె.
దాని కన్ను గుంతగ ఉంటదని
సబ్బుబిళ్ల అండ్ల వెట్టేది, జారకుంట."

ఏ చేప? పొలుసులు ఎట్లున్నాయి, చతురస్రంగానా?
తోక చీలి ఉందా? తల ఎటు?
"తలా? ఎగువకు.
తోక మీద నేను కూసునేటోణ్ని,
ఎట్లున్నదో నాకేమెరుక."

మళ్లీ గడ ఎత్తితే
చివర బూడిదరంగు బురద, గోరంత.
ఆమ్లం చుక్క వేశాను. నురగొచ్చింది.
అంతమాత్రానికి సంబరపడకూడదు,
ఏ సున్నపురాయి బురదకైనా వస్తుంది.

రాత్రి మళ్లీ లెడ్జరు తెరిచాను.
అరవై రెండు నాటి ఆయన వరసలో, ఆఖరి గడిలో: అవును, ఒక్కసారి.
మిగతా పదకొండింటికీ: లేదు.
నాకు: లేదు. గడకు తగిలింది.

వయసు గురించి ఏమీ తేలలేదు.
మేడంకి అదే రాశాను,
ఆమెకు కోపం వస్తుంది, రానీ.

తర్వాత ఇరవయ్యో వరస గీశాను.
ఎవరు: మారుపాక పోచవ్వ.
ఏ ఊరు: ఎర్రమడుగు.
ఏం దొరికింది: చేప, తల ఎగువకు, కన్ను లోతు సబ్బుబిళ్లంత.
ఆఖరి గడి దగ్గర కలం ఆగింది.
పైన నా చేతిరాతే, తాను చూశాడా.
డా కొట్టేసి
చూసిందా అని దిద్ది, కింద రాశాను:
రోజూ.