అడుగు నుంచి మొదటివాళ్ళం

పదమూడు ఆటలాడి ఒక్కటి గెలిచాం.
ఆ ఒక్కటీ
అవతలివాళ్ళ వ్యాను ఏడో రింగురోడ్డు మీద ఆగిపోబట్టి.

లెక్క రాసేది నేనే.
పగలు మీనా అబ్దుల్లా గోదాములో పైపులు లెక్కపెడతాను,
శుక్రవారం రాత్రి ఫహాహీల్‌లో
స్కూలు వెనక సిమెంటు కోర్టు పక్కన
అట్టముక్క మీద మా ఓటముల్ని.
రెండింటికీ ఒకటే పెన్ను.

ఎనిమిది జట్ల లీగు. అందులో ఒక రూలు:
అందరికన్నా అడుగున మిగిలినవాళ్ళకే
వచ్చే సీజన్లో కొత్త ఆటగాళ్ళలో మొదటి ఎంపిక.
ఈసారి కొత్తవాళ్ళలో ఇద్రిస్ ఉన్నాడు.
సూడాను మనిషి, క్రేను నడుపుతాడు,
క్రేను దిగినా ఎత్తు తగ్గడు.
పాలడబ్బా కొనడానికి
బకాలా గుమ్మం దగ్గర నడుం దాకా వంగుతాడు.
అతన్ని చూసిన రోజు నుంచీ
మాకు ఓడిపోవడం మీద భక్తి కుదిరింది.

ఆఖరి ఆట అబూ హలీఫా జట్టుతో.
వాళ్ళదీ ఒకటే గెలుపు.
ఓడినవాళ్ళకి ఇద్రిస్.

"గెలిచ్చే ఏమొచ్చాది?" అన్నాను మెస్సులో చారన్నం కలుపుతూ.
"ఏడో స్థానం. దాన్ని ఏం చేసుకుంటావు,
ఉప్పేసి ఊరబెడతావా?
ఓడిపోతే ఏడడుగుల మనిషి మనవాడు."
రోడెల్ తలూపాడు. మస్తాన్ వలీ తలూపాడు.
ఓబులేసు మాత్రం
ఊడిన షూ అడుగుకి గమ్ము పూస్తూ
"వచ్చే సీజనంటే ఎప్పుడబ్బా?" అన్నాడు.
"అక్టోబరు."
"నాకు ఆదివారం టికెట్టు."

నలభై నాలుగేళ్ళు. కంపెనీ ఇకామా తిప్పలేదు.
అందరికీ తెలిసిందే.
లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

జూన్ నెల, రాత్రి తొమ్మిదిన్నర,
నేల ఇంకా దించిన పెనంలా ఉంది.
ఆట మొదలైంది. ఎవరూ ఆడటం లేదు.
బంతిని నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అని
విస్తరి ముందు వియ్యంకుల్లా ఒకటే మొహమాటం.
రింగు కిందే ఒంటరిగా నిలబడ్డవాడు
బంతిని వెనక్కి విసిరేశాడు.
రిఫరీ లోబో మాస్టారు విజిల్ ఊది ఊది
చివరికి దాంతో వీపు గోక్కున్నాడు.
సగం ఆటకి ఆరు, ఆరు.
నేను పెన్ను మూతపెట్టాను.

మూతపెట్టాక తోచింది.
పదిహేడేళ్ళుగా నేనూ ఈ రూలు మీదే బతుకుతున్నాను.
ఈ ఏడు అడుగున ఉంటే
వచ్చే ఏడు మంచిది ఎంచుకోవచ్చని.
ఎంచుకో రమ్మని
ఇంతవరకూ ఎవరూ పిలవలేదు.

అప్పుడు ఓబులేసు సగం కోర్టు అవతల్నుంచి వేశాడు.
గమ్ము వీడి షూ అడుగు ఒకపక్క,
బంతి ఒకపక్క ఎగిరాయి.
బంతి పడింది.
"ఒరేయ్ ఓబులేసా, ఇద్రిసురా!" అని నేనే అరిచాను.
వినలేదు. ఒంటి షూతో మళ్ళీ వేశాడు.
మూడోసారి
అబూ హలీఫా మలబారాయన చెయ్యి అడ్డం లేచింది.
లేపాలనుకుని కాదు.
చేతికి వచ్చే సీజన్ సంగతి ఎవరు చెబుతారు?
ఆ చెయ్యి లేచాక
పదిమందీ నిజంగా ఆడారు.
మోచేతులు చీరుకున్నారు, నాలుగు భాషల్లో తిట్టుకున్నారు.
గోడమీద కూర్చున్న ఇద్రిస్
తన బేరం ఎటు తేలినా సరే అన్నట్టు
రెండువైపులకీ చప్పట్లు కొట్టాడు.

ఒక్క పాయింటు తేడాతో గెలిచాం.
ఎవరం సంబరం చేసుకోలేదు.
రోడెల్ కోర్టంతా వెతికి
ఆ షూ అడుగు తెచ్చిచ్చాడు.

అక్టోబరులో ఇద్రిస్ అబూ హలీఫా తరఫున దిగాడు.
మామీద ఒక్కడే ముప్పై మూడు.
తప్పులేకుండా రాశాను.
లెక్క ప్రకారం నేనే రైటు, ఇప్పటికీ.

రాయచోటిలో బ్యాటరీల కొట్లో కూర్చుని
ఓబులేసు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు.
ఆ మాటా ఈ మాటా అయ్యాక
"ఆ పొద్దు ఎంతకి గెలిచినామబ్బా?" అంటాడు.
అతనికి తెలుసు. నాచేత చెప్పించుకుంటాడు.
అట్టముక్క చూడక్కర్లేదు,
అయినా తీస్తాను.
ఇరవై ఏడు, ఇరవై ఆరు.