గుమ్మడి తూకం

టోంగాలో, మా చర్చి వెనక షెడ్డులో
జపాన్ ఓడెక్కే గుమ్మడికాయలు తూచే
ఇనుప కాటా ఒకటుంది.
పంట లేని నెలల్లో దాని మీద పిల్లులు నిద్రపోతాయి.
ఆ యేడు వాటిని అదిలించి మేమెక్కాం.

నర్సు వైమోవానా మొదట పేరుపేరునా పిలిచింది.
ఎవరూ కదల్లేదు.
చాపలల్లే చేతులు మరింత వేగంగా అల్లాయి.
"నిన్న విందులో గొర్రెకొవ్వు తిన్నదెవరు?" అందామె.
పదిహేడుమందిమీ భుజాలు తడుముకున్నాం.

అప్పుడు కలోలైనే అత్త లేచింది.
షుగరు పట్టుకుపోయిన వేళ్ళు రెండు,
నడవడానికి కర్రలు రెండు,
మాటకు మాత్రం ఏ ఊతమూ అక్కర్లేదు.
"నన్నొక్కదాన్నే తూస్తే సిగ్గు.
ఊరిని తూస్తే లెక్క.
ఎక్కండే!"

ఒకరి నడుం ఒకరు పట్టుకుని
పడవెక్కినట్టు ఎక్కాం.
ముల్లు బెదిరిన కోడిలా పరిగెత్తి
వెయ్యిన్నీ ఏడువందల నలభై దగ్గర ఆగింది.
పిల్లల పలక మీద నేనే రాశాను.
ఎవరిది ఎంతో ఎవరికీ తెలీదు.

ఇక పొద్దున్నే, గంట కొట్టకముందే నడక.
సాయంత్రం రగ్బీ మైదానంలో మా బంతాట,
గట్టు మీద కూచుని నవ్వే మొగుళ్ళు
మూడోవారానికి బంతులందించే మొగుళ్ళయ్యారు.
ఓడకు పనికిరాని వంకర కాయలు
మా కుండల్లోకి వచ్చాయి.
చామాకుల్లో కొవ్వు బదులు చేప చుట్టాం.
మొదటిరోజు రుచి లేదన్నాం,
నాలుగోరోజు ఎవరూ ఏమీ అనలేదు.
ఫుసి మాత్రం దొంగతనంగా డబ్బా మాంసం తినేది.
నాకు తెలుసు. ఆ డబ్బాలో సగం నాది.

ఆరు నెలలకు ముప్పై ఎనిమిది తగ్గాం.
ఆ ముప్పై ఎనిమిదీ తనదేనని
ప్రతి ఒక్కతీ ఒట్టేసింది.

ఏడో నెల ఒక గురువారం
ముల్లు ఒక్కసారే నూట నాలుగు దిగింది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
నల్లబట్టల మీద నడుముకు కట్టిన చాపలు
గరగరమన్నాయి, అంతే.
సుద్దముక్క నా చేతిలో చెమటకు కరిగింది.
ఆ అంకె రాయలేకపోయాను.

అత్త కర్రలు రెండూ తెచ్చి కాటా మీద పెట్టాం.
ముల్లు కదల్లేదు.
అంత తేలికైనవాటిని అది లెక్కచెయ్యదు.
మేం దించనూ లేదు.

అప్పుడు ఆమె మనవరాలు సియాలే,
పన్నెండేళ్ళది, గుమ్మం దగ్గర నిలబడి
"నన్నూ కలుపుతారా?" అంది.
జరిగి చోటిచ్చాం.
ముల్లు నలభై ఒకటి పైకెక్కింది.
బరువు పెరిగినందుకు చప్పట్లు కొట్టింది
ఆ ఒక్కరోజే.

సోమవారం గుమ్మడికాయల లారీ వచ్చింది.
కాటా కడిగిచ్చాం,
గురువారానికి మళ్ళీ మాకు కావాలని చెప్పి.