తలకట్టు

మారతహళ్లిలో కోటిరత్నం మెస్సుకి
లెక్కల ప్యాకేజీ ఒకటి రాస్తున్నాను,
రాత్రి పదకొండు దాటాక,
ఆఖరి సాంబారు గిన్నె పక్కన లాప్‌టాప్ పెట్టుకుని.

పేర్లన్నీ తెలుగులోనే ఉండాలని ఒక పంతం.
వడ అన్నాను, ఒప్పుకుంది కంపైలర్.
ధర, సరే.
బాకీ దగ్గర ఆగిపోయింది.
దీర్ఘం అక్షరం కాదట, గుడిదీర్ఘమూ కాదట,
కొమ్మూ ఒత్తూ ఉన్న పప్పు అసలు పేరే కాదట.
ఉత్త తలకట్టు మీద బతికే మాటల్ని
ఏరుకుంటూ కూచున్నా, బియ్యంలో రాళ్ళలా.

పోనీ ధర ఉంది కదా అని
పక్క ప్యాకేజీలోంచి పిలిస్తే
అలాంటివాళ్ళెవరూ లేరంది.
"మొదటిది పెద్దక్షరమైతేనే గడప దాటేది,
ముందొక ఎక్స్ తగిలించు"
ఫోన్‌లో ఆవలిస్తూ నంజప్ప.
మన అక్షరాల్లో పెద్దా చిన్నా ఎక్కడివి?
ఆఫీసు బ్యాడ్జీ మీద నా ఇంటిపేరు కూడా
ఇలాగే ఒక ఇంగ్లీషు పొడి అక్షరమైంది.

అన్నిటికీ ఎక్స్ కొట్టబోతుంటే
చేతులు తుడుచుకుంటూ వచ్చింది కోటిరత్నం.
"ఆ మూడో టేబులు పిల్లాడు, ఉద్యోగం పోయినవాడు,
వాడి ఖాతా తెర మీద కనపడకుండా చేస్తావా?
లెక్క ఉండాల్సిందే.
పేరే, నలుగురి నోళ్ళలో పడకూడదు."

వేలు వెనక్కి తీసుకున్నా.
ధరని బయటికి పంపాను, వడని కూడా,
ఎక్స్ తోనే.
వాడి వరసకి మాత్రం
అర అని పేరు పెట్టాను.
ఒక్క గుణింతం లేదు, గడప దాటదు.
కంపైలర్ ఏమీ అనలేదు.

కోటిరత్నం రేపటికి మినప్పప్పు నానబోసింది,
ఒక గుప్పెడు ఎక్కువే.