రీడింగు తీయని నెల

గుణుపురంలో, పాత బస్టాండు వెనక సందులో
నా కుట్టుమిషనుకు మూడు మూరల దూరాన
మీటరు పెట్టె నుంచి దిగిన పాత తీగకు
ఒక సంచి వేలాడుతోంది.

మొదట బూజనుకున్నాను.
చీపురెత్తాక అందులోంచి ఓ ముక్కు బయటికొచ్చింది,
సూదిని వంచితే ఎలా ఉంటుందో అలా.

తేనెపిట్ట.
నా బొటనవేలికి రెక్కలు మొలిస్తే ఇంతే ఉంటుంది.
ఆడదానికి మట్టిరంగు వీపు, బూడిద గొంతు,
పొట్ట మీద మాత్రం కాస్త పసుపు.
మగదాని సోకు వేరు.
భుజాన ఒక పచ్చ మెరుపు, ఎండ పడితేనే.
నీడలోకి జరిగిందా, అరువు నగ తిరిగిచ్చేసినట్టు
నల్లబడుతుంది.
నడుము దగ్గర వంగపండు రంగు.
ఆ షేడు దారం బరంపురంలో కూడా దొరకలేదు నాకు.

కళ్ళద్దాలు పెట్టుకుని గూడు చూశాను.
సాలీడు పోగులు, గొంగళిపురుగు పెంటికలు, చింతాకు ఈనెలు,
నా మిషను కింద రాలిన బడి యూనిఫారం నీలి పీలిక,
ఒడియా పేపరులోంచి చిరిగిన ఒక్క గుండ్రటి అక్షరం.
నేను చదవలేను. అదీ చదవలేదు.

పక్కింటి లోచన ఫోను చూపించింది.
"మావా, ఇది హమ్మింగ్ బర్డ్."
సముద్రాల అవతలదట. గాల్లో నిలబడి తాగుతుందట,
వెనక్కి కూడా ఎగురుతుందట.
నాకు తెలిసి వెనక్కి తిరిగేది మిషను చక్రమే,
అప్పుడు దారం తెగుతుంది.

"మనది అది కాదమ్మా. మనది కూకుని తాగుతాది.
మామిడి మీది బదనిక పువ్వు కాడ
కాలు పెట్టడానికి సోటు లేకపోతే
ఓ చిటికెడు సేపు గాల్లో నిలబడతాది.
మళ్ళీ సిగ్గేసినట్టు కొమ్మ పట్టుకుంటాది."

ఎందాకా ఉంటుందని అడిగింది.
వంశధారకి ఇటూ ఉంది, అటూ ఉంది.
పాతపట్నంలో మా చెల్లి మందార మీద,
పర్లాకిమిడి రైలు గేటు కాడ,
కొండెక్కితే సవరల జీడితోటల్లో చూశాను.
అంతకంటే దూరం నేను వెళ్ళలేదు.

శనివారం గోలోక్ బెహరా వచ్చాడు,
భుజాన నిచ్చెన, చేతిలో కటింగ్ ప్లేయరు.
మీటరు మార్చాలి, ఆర్డరు.
సగం ఒడియా, సగం తెలుగు, మిగతాది వేలితో చెప్పాను.
సంచి గుమ్మంలో రెండు నోళ్ళు తెరుచుకున్నాయి,
నారింజరంగు కాజాల్లా.
అతను నిచ్చెన దించి పుస్తకంలో ఏదో గీశాడు.
"ఏటి రాసినావు?"
"ఇంటికి తాళం."

ఆ నెల సరాసరి బిల్లొచ్చింది,
నూట పన్నెండు ఎక్కువ. కట్టాను.
పిల్లలు ఎగిరిపోయి చాన్నాళ్ళయింది.
మీటరు ఇంకా పాతదే.