పది గ్రాముల సముద్రం

తూనికలు కొలతల శాఖలో నాది పంతొమ్మిదేళ్ళ నౌకరీ.
నీలం మఖమలు పరిచిన చెక్కపెట్టె,
అందులో ఎత్తు ప్రకారం నిలబెట్టిన బడిపిల్లల్లా
ఇత్తడి రాళ్ళు.
చేత్తో తాకకూడదు. చెమట కూడా బరువే.

పూర్ణామార్కెట్లో నేను సందు తిరగ్గానే
చింతపండు కొట్టు వెనక ఏదో గబుక్కున దాక్కుంటుంది.
పళ్ళెం అడుగున అయస్కాంతం పట్టుకుంటాను.
రసీదు రాస్తాను.
సాయంత్రానికి వేళ్ళకి పసుపూ, జీలకర్రా.

చదువుకునే రోజుల్లో యూనివర్సిటీలో
తత్వశాస్త్రం మెట్ల మీద కూచుని టీ తాగేవాళ్ళం.
లోపల పాఠం, బయట మా నవ్వు:
ఉద్యోగం రాని చదువు!
కిటికీలోంచి ఓ మాట మాత్రం పడింది చెవిలో, అనుమానం.
మాకది భార్యల మీదా బాకీదార్ల మీదా పడేది.
లోపలాయనకి, పొగని చూసి నిప్పు దాకా నడిచే దారి.

ఆ రోజు ఫిషింగ్ హార్బర్లో
గనగళ్ళ పోలమ్మ కోనాం తలకాయ పక్కకి తోసి అడిగింది.
"నా కాటా తప్పని నీ రాయి సెప్పింది.
నీ రాయి ఒప్పని ఎవులు సెప్పినారు బాబూ?"

మా దాలినాయుడు నవ్వాడు.
ఏటేటా దీన్ని ఇంకో రాయి ముందు నిలబెడతాం, అన్నాను.
"మరి దానికి?"
దానికో పెద్దరాయి.
"దానికి?"
పరదేశంలో గాజుబుడ్ల కింద ఒక లోహపు ముద్ద ఉండేది,
లోకంలోని కేజీలన్నిటికీ అమ్మమ్మ.
ఏళ్ళకేళ్ళు గడిచాక తీసి తూస్తే
దాని కవలలకీ దానికీ వెంట్రుకంత తేడా.
తనే తగ్గిందో, అవే పెరిగాయో
తేల్చడానికి ఇంకో రాయి లేదు.
చివరికి దానికీ పింఛనిచ్చి పంపేశారు.

పోలమ్మ కాసేపు పడవల వైపు చూసింది.
"ఐతే పర్లేదు. పెద్దరాయినీ అడిగినోలున్నారన్నమాట."

ఇక నా సంగతి.
పోయిన నెల రాత్రి తొమ్మిదిన్నరకి
ఎండాడలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజీ:
పదకొండుకి సముద్రం ముందుకొస్తుంది,
నేవీలో ఒకాయన చెప్పాడు, అందరికీ పంపండి.
ఎవరా ఒకాయన?
బొటనవేలికి తక్కెడ ఉండదు.
నలభైరెండు మందికి పంపాను.
పిల్లనెక్కించుకుని హనుమంతవాక మీదుగా
అడవివరం రోడ్డెక్కాను.
ముందంతా కార్ల ఎర్రదీపాలు.
దాహమని మా చిన్నది ఏడ్చింది.
నీళ్ళసీసా తేవడం మర్చిపోయాను,
నలభైరెండు మందిలో ఒక్కర్నీ మర్చిపోలేదు.

సముద్రం తన చోట తను ఉంది.

తెల్లారి పోలమ్మ ఎప్పట్లాగే ఐసు చితక్కొడుతోంది.
నీకు రాలేదా మెసేజీ?
"మనవడి సెల్లులో వచ్చినాది.
ఎవులు సూసినార్రా అనడిగినాను. తెల్దన్నాడు.
పోర్టోలు పెమాదం జెండా ఎక్కించినారా? లేదన్నాడు.
గాలి సూసినాను. తొంగున్నాను."

నిజమైతే?
"పదిసార్లు పుకారుకి పరిగెట్టినోడు
పదకొండోసారి నిజానికి పరిగెట్టడు బాబూ."

నేనేం మాట్లాడలేదు. కాటా ముందు కూచున్నాను.
పళ్ళెంలో ఏమీ లేదు.
అంకె మాత్రం పది.
చేపలు జారిపోయాక మిగిలిన తడి, అంచున ఒక పొలుసు.
ఏమీ పెట్టకముందే అక్కడ
పది గ్రాముల సముద్రం.

ముందు ఖాళీ పళ్ళెం చూడు, ఆ తర్వాతే రాయి పెట్టు:
మా శాఖలో మొదటిరోజు పాఠం.
ఎంతమంది కుర్రాళ్ళకి చెప్పానో.

అరచేత్తో తుడిచాను. సున్నా.

జేబులో ఫోను గిలగిల్లాడింది.
ఏదో వార్త, ఎవరో ఒకాయన, అందరికీ పంపండి.
బొటనవేలు దానంతటదే లేచింది.

ఆగి చూశాను.
ఇంకా తడిగానే ఉంది.