సొరుగులో కాగితం

రాత్రి నర్సుల బల్ల, ఎడమవైపు రెండో సొరుగు.
కత్తెర, పాత బ్యాటరీలు, ఎవరో మర్చిపోయిన చేతిగడియారం,
వాటి అడుగున ఒక కాగితం.
పదకొండు పేర్లు, పదకొండు ఫోను నంబర్లు.
మంట కోసేవాళ్ళు.

దానికి శీర్షిక లేదు, సంతకం లేదు.
తనిఖీ ఉందంటే పేపరు మడతలోకి వెళ్ళి
మర్నాడు మళ్ళీ వచ్చి పడుకుంటుంది.
ఈ జురా కొండల్లో ఎవరినడిగినా
"అబ్బే, నాకు నమ్మకం లేదు" అంటారు.
అనేసి, అటూ ఇటూ చూసి
"మా మామగారి చేయి కాలినప్పుడు మాత్రం..."
అని మొదలుపెడతారు.

జ్యూరిక్ నుంచి వచ్చిన డాక్టర్ విడ్మర్
ఒకసారి నా ముందే ఆ సొరుగు లాగాడు.
కత్తెర తీసుకున్నాడు, కాగితం చూశాడు,
చప్పుడు కాకుండా మూశాడు.

నేను మాత్రం ఆ నంబర్లకి ఎప్పుడూ ఫోను చెయ్యలేదు.
మా అక్క సొలాంజ్ వంటింట్లో ముప్ఫై నాలుగు సీసాలు.
దురదగొండాకు, జెన్షన్ వేరు,
ఆపిల్ చెట్టు మీంచి కోసిన బదనిక.
చంకలో గడ్డ బఠానీగింజంత ఉన్నప్పుడు
మా ఆసుపత్రికి నేనే తీసుకొచ్చాను.
డాక్టరు ఏడు నిమిషాలు కేటాయించాడు,
అందులో ఆరు కంప్యూటరుకి.
ఆకుల మందావిడ గంటన్నర కూర్చోబెట్టుకుందట,
సూప్ పెట్టిందట,
రాత్రి కలలేమొస్తున్నాయని అడిగిందట.
"నన్ను కల గురించి అడిగిన మనిషి
నాకు అబద్ధం చెబుతుందా?" అంది అక్క.
నా దగ్గర అంకెలున్నాయి, వందకి ఎనభై రెండు బతుకుతారని.
అంకె సూప్ పెట్టదు కదా.
పద్నాలుగు నెలలు.
చివర్లో నా మార్ఫిన్‌కి మాత్రం ఒప్పుకుంది.

ఈ రాత్రి చీజు కార్ఖానా నుంచి తొమ్మిదేళ్ళ ఎలోయ్‌ని తెచ్చారు.
మరిగే పాలవిరుగుడు, మోకాలి నుంచి మడమ దాకా.
కడిగాం, కట్టు కట్టాం, సూది వేశాం.
చెయ్యవలసింది ఒకటీ వదల్లేదు.
అయినా వాడి నానమ్మ నా చెయ్యి వదల్లేదు.
"కాగితం ఉంటుందటగా మీ దగ్గర" అంది,
పిల్లాడికి కాదు, నా బొత్తాలకి చెబుతున్నట్టు.

ఏడో నంబరు. అర్సెన్ ఫ్రువాద్వో.
తెల్లవారుజాము మూడైంది.
రెండో రింగుకే ఎత్తాడు. వెనకాల ఒక ఆవు దగ్గింది.
పేరడిగాడు, పుట్టినరోజడిగాడు, ఏ కాలన్నాడు.
"మందిచ్చారా?"
ఇచ్చాం.
"ఆపకండి. ఇంటికి పంపకండి. నేను నా పని చేస్తాను."

పెట్టేసి ఉంటే సరిపోయేది.
నా నోరు ఊరుకోలేదు.
సొలాంజ్ గురించి అడిగాను. మీకూ ఫోను చేసిందా?
చాలాసేపు ఆవు ఒక్కతే మాట్లాడింది.
"చేసింది. గడ్డ అంది.
అది మంట కాదమ్మా, ఆసుపత్రికి వెళ్ళు అన్నాను.
ఫోను పెట్టేసింది.
నేను తిరిగి చెయ్యలేదు."
ఆ ఆఖరి మాట మళ్ళీ అన్నాడు.
నేను తిరిగి చెయ్యలేదు.

మూడూ పదికి పిల్లాడు నిద్రపోయాడు.
మార్ఫిన్ ఇచ్చింది రెండూ నలభైకి.
లెక్క నాకూ వచ్చు.
నానమ్మ పర్సు తెరిచి "ఆయనకెంతివ్వాలి?" అంది.
తీసుకోరన్నాను.
"మరి మీకో?" అంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది,
బిల్లు ఇంటికొస్తుందని చెప్పాను.

పొద్దున్నే ఇంటికెళ్ళి కాఫీ పెట్టుకున్నాను.
అక్క పోయాక ముప్ఫై మూడు సీసాలు పారేశాను.
బదనిక సీసా ఒక్కటి ఉంచుకుని పంచదార పోశాను.
ఎన్నిసార్లు కడిగినా వాసన వదలదు.
దాని మీద అక్క చేతిరాత: పరగడుపున, రెండు చెంచాలు.
రెండు చెంచాలే వేసుకున్నాను.
కొంచెం చేదు తగిలింది.
తాగేశాను.