కొక్కెం

కుతాయిసిలో వాన పడుతున్న మంగళవారం
లామారా నా బల్ల మీద ఆనించింది
మోచేతికి బెత్తెడు కింద ఆగిపోయిన కుడి చెయ్యి.
"పిండి కలిపే మిషను" అంది.
"కడిగేసి, మర్నాడే మళ్ళీ తిప్పారు దాన్ని."

నేను కొలతలవాణ్ణి.
ప్లాస్టర్ పట్టీ తడిపి చుట్టి
మిగిలినదాని ఆకారం రాసుకునేవాణ్ణి.
పోయినదాని గురించి నన్నెవరూ అడగరు.

ఆమె అడిగింది.
"వేళ్ళు ఇంకా పిడికిలి బిగించే ఉన్నాయి.
రాత్రిళ్ళు గోళ్ళు అరచేతిలో దిగుతున్నాయి.
లేని చేతికి ఎట్లా చెప్పను, విప్పుకోమని?"

జవాబు లేక బీరువా తెరిచాను.
ఇది సిలికోన్ చెయ్యి. మీ రంగులోనే పోస్తాం,
పుట్టుమచ్చ కావాలన్నా వేస్తాం.
పెళ్ళి ఫొటోల్లో బాగుంటుంది. దేన్నీ పట్టుకోదు.
ఇదేమో బ్యాటరీది. కండరం కదిపితే వేళ్ళు ముడుస్తుంది,
గుడ్డు పగలకుండా ఎత్తుతుంది,
తడి తగలకూడదు, పిండి దూరకూడదు, సెగకి ఓర్చదు.
ధర చెప్పేముందు గొంతు సవరించుకున్నాను.
"అంటే నాకంటే సుకుమారి" అని నవ్వింది.

అడుగు అరలో, పాతగుడ్డ కింద, కొక్కెం.
ఉక్కుది. భుజం మీంచి పట్టీ, ఒక తీగ.
చూపించాలంటే నాకెప్పుడూ మొహమాటమే,
పిల్లలు జడుసుకుంటారని తిరిగిచ్చేసినవాళ్ళున్నారు.

లామారా దాన్ని దీపం వైపు తిప్పి
మొన తడిమి చూసింది.
"రొట్టె తీసేది దీంతోనే కదా!"

పుట్టింది ఈ ఊళ్ళోనే,
రోజూ తిన్నది తోనె రొట్టే.
బావిలాంటి ఆ పొయ్యి గోడకి ముద్దని చరిచేది ఏ చెయ్యో,
ఎర్రబడ్డాక ఊడబెరికేది ఏ ఇనుమో
ఒక్కనాడూ తొంగి చూసినవాణ్ణి కాను.

నెల తర్వాత, తెల్లారకముందే వెళ్ళాను.
ముప్ఫై ఏళ్ళు చెయ్యి తిరిగిన మనిషి,
ఎడం చెయ్యి మాత్రం ఇంకా పసిది:
చరిచిన మొదటి రెండూ జారి బూడిదలో పడ్డాయి.
పొయ్యిని తిట్టింది, పిండిని తిట్టింది,
ఎందుకైనా మంచిదని నన్నూ.
మూడోది అంటుకుంది.
అప్పుడు నడుము దాకా వంగి
ఏ చెయ్యీ నిలవలేని సెగలోకి
కుడి భుజాన్ని దించింది.

కొక్కేనికి వేలాడుతూ నా ముందుకొచ్చింది
పొగలు కక్కే రొట్టె, రెండు కొనలూ మాడి.
"పిడికిలి?" అన్నాను.
"పొయ్యిలోకి వంగినంతసేపూ విప్పుకుంటుంది.
తర్వాత దాని ఇష్టం.
తిను ముందు, చల్లారిపోతుంది."